మాట మోసిందెవరు?

కారు అక్కడ లేదు.

జప్తుకొచ్చిన కోర్టు అమీను గోడౌను వెనకంతా కలియదిరిగి వచ్చి పెదవి విరిచాడు. బురదలో టైర్ల గుర్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మేస్త్రీ వాటిని చూస్తూ నిలబడిపోయాడు. చేతికందిన కారు ఇలా జారిపోవడం ఇది రెండోసారి.

గొడవ పాతదే. కిరాయికి తిప్పుకుని బతుకుతానంటే, బావమరిది కారు అప్పుకి మేస్త్రీ షూరిటీ సంతకం పెట్టాడు. ఆ మహానుభావుడు కొన్నాళ్ళు కట్టి చేతులెత్తేశాడు. ఫైనాన్సు వాళ్ళు మేస్త్రీ షెడ్డు మీద పడ్డారు. చిన్నప్పటి నుంచీ రేకు మీద సుత్తి మోదుతూ, ట్రంకు పెట్టెలు చేసి అమ్మి కట్టుకున్న షెడ్డు అది. దాన్ని కాపాడుకోవడానికి అప్పు ఆయన కట్టాడు. కారెక్కి తిరిగేది మాత్రం బావమరిదే. ఒళ్ళు మండి కోర్టుకెక్కాడు. కేసు తేలేదాకా కారు జప్తు చేయమని కోర్టు చెప్పింది. అప్పటి నుంచి కారు దాగుడుమూతలాడుతోంది.

"ఎక్కడుందో తెలిస్తే నాకొక్కడికే చెప్పండి. మూడో కంటికి తెలియకూడదు," అన్నాడు లాయరు.

మేస్త్రీ అక్షరాలా అలాగే చేశాడు. జాడ తెలియగానే ఇంటికొచ్చి, గదిలో కూర్చుని, గొంతు తగ్గించి ఫోన్లో లాయరు చెవిన వేశాడు. రెండుసార్లూ అమీను వెళ్ళేసరికి కారు మాయం.

ఇంట్లో ఉండేది తనూ, భార్యా. కారు కొన్నవాడు ఆవిడకి స్వయానా తమ్ముడు.

ఆ ఆలోచన రాగానే మేస్త్రీ వంటింటి వైపు చూశాడు. కారు పోతే పోయింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషే తమ్ముడి వైపు తిరిగితే ఇంకెవర్ని నమ్మాలి?

అనుమానం ఒకసారి ఇంట్లో అడుగుపెట్టాక ఊరుకుంటుందా? తను ఫోన్ తీయగానే ఆవిడ పరుగున వచ్చి కిటికీలు మూస్తోంది. ఎందుకు? తను మాట్లాడుతుంటే వెనక నుంచి చేత్తో ఏవో సైగలు. ఎవరికి? తమ్ముడితో మాట్లాడేటప్పుడు మాత్రం నోట్లోనే గొణుక్కుంటుంది. ఆ మాటకొస్తే ఈమధ్య అందరూ గొణుగుతున్నారు. చుట్టాలు, షెడ్డులో పనివాళ్ళు, ఆఖరికి కిరాణా కొట్టాయన కూడా తనని చూడగానే గొంతు దించేస్తున్నాడు. పొద్దున అమీనుతో బయల్దేరుతుంటే వీధి చివర ఇస్త్రీ చేసే అతను దగ్గరికొచ్చి, గోడౌనుకేనా మేస్త్రీగారూ అని నవ్వుతూ అడిగాడు. సంగతి ఇస్త్రీ బల్ల దాకా పాకిందన్నమాట.

బావమరిది కాపురం రెండిళ్ళ అవతలే. ఆరోజు సాయంత్రం అతనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దాస్తున్నది నేనే బావా. కారు పోతే నా పొయ్యి వెలగదు. కానీ అక్కని ఏమీ అనకు. అక్క నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

అడక్కుండానే వచ్చి వెనకేసుకొస్తున్నాడంటే ఏమిటి అర్థం? మేస్త్రీకి ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అతను వెళ్ళగానే భార్యని నిలదీశాడు. ఆవిడ తెల్లబోయింది. తేరుకుని ఏదో చెప్పబోయింది. సగం ఏడుపులో కలిసిపోయింది, మిగతా సగం ఆయన వినిపించుకోలేదు. తమ్ముడే ఎక్కువైతే అక్కడికే పొమ్మన్నాడు. ఆవిడ బట్టలు సర్దుకుని, తమ్ముడి ఇల్లు దాటుకుని, బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది. అదీ నాటకమే అనుకున్నాడు. వెళ్ళేముందు గడప దగ్గర ఆగి నోట్లో నోట్లో ఏదో అంది. ఏమన్నావని అడగడానికి ఆయనకి పౌరుషం అడ్డొచ్చింది.

ఇల్లు బోసిపోయింది. తిండి సహించలేదు. ఎవరి మీదో కసి, ఎవరి కోసమో బెంగ, రెండూ ఒకే మనిషి గురించే. అయినా ఒక్కటే ధైర్యం, ఇక మాట బయటికి పొక్కదు.

కారు జాడ మళ్ళీ తెలిసింది. ఈసారి ఒక కర్రల అడితిలో, టార్పాలిన్ కింద. మేస్త్రీ తలుపులన్నీ గడియ పెట్టాడు. మంచం కింద కూడా వంగి చూశాడు. అప్పుడు దుప్పటి ముసుగేసుకుని లాయరుకి ఫోన్ చేశాడు.

మర్నాడు అమీనుతో వెళ్ళి చూస్తే టార్పాలిన్ ఒక్కటే మిగిలింది.

ఇంట్లో ఆవిడ లేదు. అంటే ఆవిడ కాదు. మరి ఏ నేరానికి పంపేసినట్టు? ఇక మిగిలింది ఒక్కడే, లాయరు. డబ్బు తిని అటువైపు చేరిపోయాడేమో.

కోర్టు ఎదురుగా ఉన్న లాయరు గదిలోకి విసురుగా వెళ్ళాడు. గుమాస్తాని బయటికి పంపించాడు. తలుపు వేశాడు. లాయరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. మేస్త్రీ బల్ల మీదకి వంగి, ఆయన కళ్ళలోకి చూస్తూ, గొంతు వీలైనంత తగ్గించి అడిగాడు.

"ఇంట్లో నేను తప్ప పురుగు కూడా లేదండీ. మరి మాట మోసిందెవరు?"

వాయిదాకి వచ్చి, రోడ్డుకి అవతల బస్సు కోసం నిలబడ్డ బావమరిది, ఆ ప్రశ్న చెవిన పడగానే, బావకి వినపడాలని రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని గొంతు చించుకున్నాడు: "నువ్వే బావా, అక్కని తెచ్చుకో."