హైవే ఇవతలి లైను

మధ్యాహ్నానికే వర్లీన్ మోకాళ్ళు మొరాయించాయి. లైను మాత్రం నత్తకు మేనత్తలా ఉంది.

ఆ పొడుగు ఏం చెప్పమంటారు? తోక దగ్గర పుట్టిన పుకారు తల దగ్గరికి చేరేసరికి దానికి గడ్డం నెరిసేది.

"కాసేపు ఆ మెట్టు మీద కూలబడక్కా," వెనకనున్న ఆల్వెస్టర్ అన్నాడు.

"కూలబడితే నా చోటు కొట్టేద్దామనా? నీ సంగతి నాకు తెలీదూ?"

"నీ చోటు నాకెందుకు? అక్కడుంటే ముందావిడ టోపీ చూళ్ళేక చస్తాను. దానిమీద ఓ పూలతోటే ఉంది."

ముందావిడ గిరుక్కున తిరిగింది. ఇద్దరూ ఆకాశంలోకి చూశారు.

హైవే అవతల తెల్లవాళ్ళ పేటలో గుడ్డు పొయ్యిమీద పెట్టి వెళ్ళి, ఓటేసి, అది ఉడికేలోపు వచ్చి దించుకుంటారు. ఇవతల నల్లవాళ్ళ పేటలో పోలింగ్ కేంద్రాలన్నీ మూసేసి ఒక్కటి మిగిల్చారు. పోయిన ఎన్నికల్లో వర్లీన్ లైన్లోనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఓటు వేయకుండానే ఇంటికి మోసుకొచ్చారు. అలా వెనక్కొచ్చినవాళ్ళు ఒకరా ఇద్దరా! గెలిచినవాడు పేటకొచ్చే బస్సు ఎత్తేశాడు. ఇప్పుడు వాడే మళ్ళీ పోటీలో ఉన్నాడు, ఈసారి ఆస్పత్రి మీద కన్నేశాడు.

అందుకే వర్లీన్‌కు ఒక్కటే పట్టుదల. తలుపుదాకా పడిపోకుండా నిలబడాలి.

ఎవరో ఒకామె నీళ్ళ సీసా అందించబోయింది. జబ్బకి గుడ్డ పట్టీ కట్టుకుని లైను చూసుకుంటున్న మనిషి అడ్డొచ్చాడు.

"లైన్లో ఉన్నవాళ్ళకి నీళ్ళివ్వకూడదు. చట్టం."

"నువ్వు తల్లి కడుపున పుట్టలేదట్రా?" వర్లీన్ కసిరింది.

"పుట్టాను. ఆవిడా ఈ లైన్లోనే ఉంది. ఆవిడకీ ఇవ్వను."

అని తలుపు దగ్గరికెళ్ళి ఇంకొకర్ని లోపలికి వదిలాడు, అదీ తీరిగ్గా.

ఎండ వాలింది. తలుపు దగ్గరైంది. వర్లీన్ పిక్కలు గజగజ వణికాయి. ఆల్వెస్టర్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"వదులు. నా కాళ్ళమీద నేనే వెళ్తాను."

పళ్ళు బిగించి గడప దాటింది.

లోపల బల్ల వెనకనుంచి పేట చర్చి పాస్టరు లేచి, "శభాష్ వర్లీనక్కా, ఈసారి పడిపోలేదు, ఇంటికెళ్ళి కాళ్ళకి కాపడం పెట్టుకో, ఇవాళ్టికి లైన్లో నిలబడే ప్రాక్టీసు చాలు, ఓటింగు వచ్చే మంగళవారం!" అన్నాడు.