సగానికి సగం

“పెద్ద సారొచ్చి కర్రలు ఎన్ని కాలుతున్నాయని అడిగితే ఏటి చెప్తావు?” నాలుగోసారి అడిగాడు తాతారావు.

“సగానికి సగం తగ్గిపోనాయని సెప్తాను బాబూ,” అంది తన పొయ్యి ముందు కూచున్న సోములమ్మ.

“అదీ! మునుపు రోజుకో మోపు, ఇప్పుడు మోపు రెండు రోజులొస్తందని చెప్పాలి. తడబడ్డావంటే అబద్ధమని తెలిసిపోద్ది.”

“అబద్దవేటి బాబూ? నిజంగానే తగ్గిపోనాయి.”

తాతారావు పెరట్లో మోపు వైపు తొంగి చూశాడు. ఎనభై రెండులో అరకు కొండలకి పొగ లేని పొయ్యిలు కట్టించే ఉద్యోగం మీద వచ్చాడు. ఈ మూడేళ్లలో అతను పంపిన లెక్కలన్నీ ఆఫీసు బల్ల మీద పుట్టినవే. అలాంటిది ఈ సిరిమిగుడలో పొయ్యి నిజంగానే పనిచేస్తోందట! తంతే బూరెల గంపలో పడ్డట్టయింది.

ఎందుకంటే మలేరియా అతన్ని ఇప్పటికి నాలుగుసార్లు పడగొట్టింది. అయిదోసారి లేస్తానన్న నమ్మకం అతనికి లేదు. “కట్టెల వాడకం సగానికి దిగిన ఊరు ఒక్కటి చూపించవయ్యా, విజయనగరం బదిలీ మీద అక్కడే సంతకం పెడతాను,” అన్నారు పెద్ద సారు సర్వేశ్వరరావుగారు. ఆ ఒక్క ఊరి కోసమే తాతారావు నిరుడు కార్తీకంలో సిరిమిగుడ మీద పడ్డాడు. ఇంటింటా మూడు రాళ్ల పొయ్యి పీకించి, రాళ్లు గెడ్డ నీళ్లలో పారేయించాడు. వాటి చోట మట్టి పొయ్యిలు లేపి, కప్పు దాటేలా పొగగొట్టాలు పెట్టించాడు. పొయ్యి పైన పొగచూరిన అటక, దానికి వేలాడే నల్లటి జొన్నపొత్తులు చూస్తే అతనికి మొదట్నుంచీ రోతే. ఇప్పుడు ఇళ్లు కాస్త మనుషుల ఇళ్లలా ఉన్నాయనుకున్నాడు.

“ఒక మాట బాబూ,” అంది సోములమ్మ. “ఈ గొట్టం ఎట్టినకాడ్నుంచీ పొగ తగలక పొత్తులకి పురుగు...”

“అర్జీలు తర్వాత! ఇయాళ పొయ్యి మాటే మాటాడాలి.”

ఇంతలో రెండు జీపులు వచ్చాయి. ఒకదాంట్లో సర్వేశ్వరరావుగారు, రెండోదాంట్లో ఆయన కుర్చీ, మైకు, దండలు. మైకు బ్యాటరీ దిగిపోకుండా ఒక ఇంజను, మళ్లీ స్టార్టవదేమోనన్న భయంతో రెండోది, సభ అయ్యేదాకా గుర్రుమంటూనే ఉన్నాయి. ఆ చప్పుడుకి మించి ఆయన అరిచారు.

“దేశానికి ఇంధనం కరువొచ్చింది! ఒక్క పుల్ల మిగిల్చినా దేశసేవే!”

జీపుల పొగకి దగ్గుతూ ఊరంతా తలలూపింది.

సభయ్యాక సర్వేశ్వరరావుగారు సోములమ్మ ఇంట్లోకి దూరారు. గోడ మీద వేలు రాసి చూసుకున్నారు. మసి అంటలేదు.

“ఈ మోపు ఎప్పుడు తెచ్చావమ్మా?”

“నిన్న పొద్దున బాబూ.”

“ఇంకా సగం ఉందే! మునుపైతే?”

“పొద్దుగూకేసరికి అయిపోయీది.”

అయినా ఆయనకి అనుమానం తీరలేదు. పక్కింటి కనకని అడిగారు. ఎదురింటి బుధు పెళ్లాన్ని అడిగారు. అందరిదీ అదే మాట. పెరళ్లలో మోపులు సాక్ష్యం చెబుతున్నాయి. తాతారావు ఛాతీ పొంగిపోయింది. తన మీద తనకే గౌరవం కలగడం ఉద్యోగంలో ఇదే మొదలు.

“శభాష్ తాతారావూ! మూడేళ్లుగా ఇంతమంది రాసిన రిపోర్టుల్లో ఇదొక్కటే నిజం. ఢిల్లీకి పంపుతాను. ఏదీ, నీ కాగితం?”

తాతారావు బదిలీ కాగితం అందించాడు. అప్పుడే విజయనగరంలో రైలు దిగినంత సంబరం. ఆయన పెన్ను తెరిచి, కాగితం మీద ఆనించి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

“రిపోర్టులో నీ మాట కూడా ఉండాలమ్మా. సగానికి సగం కట్టెలు ఎలా మిగిల్చావు? ఆ కిటుకేదో చెప్పు, దేశమంతా నేర్చుకుంటుంది.”

పొయ్యి మహిమ అంటే చాలు. తాతారావు కళ్లతోనే దణ్ణం పెట్టాడు. సోములమ్మకి జాలేసింది. కానీ ఇన్నాళ్లకి అడిగిన మనిషి ఈయనొక్కడే.

“పొత్తులన్నీ పురుగు తినేసింది. రెండో పూట వండ్డానికి గింజలు నేవు బాబూ.”