పెళ్లికూతురి పక్కన ఎవరు

“నువ్వు ఎలాగూ బ్యాండువాడివే కదరా. మళ్లీ అమ్మాయి పక్కన చోటెందుకు నీకు?”

అన్న అడిగిన తీరు చూస్తే తమ్ముడికేదో సాయం చేస్తున్నట్టే ఉంది. అతని చేతిలో కాగితం. రేపు పొద్దున ఊరేగింపులో పెళ్లికూతురికి అటూ ఇటూ నడిచే ఏడుగురి పేర్లు అందులో ఉన్నాయి. మొదటి పేరు తనదే. తర్వాత తన భార్య, తన ఇద్దరు కొడుకులు, చెల్లెలు, ఆమె మొగుడు. అట్టడుగున, పోనీలే అన్నట్టు, పెళ్లికూతురి తల్లి. నెల రోజులుగా అన్న ఈ కాగితం తిరగరాస్తూనే ఉన్నాడు. ఎన్నిసార్లు రాసినా పెళ్లికూతురి తండ్రి పేరు మాత్రం అందులోకి రాలేదు.

ఆ తండ్రిని అందరూ డ్రమ్మయ్య అంటారు. పెళ్లి బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టడం అతని పని. ఊళ్లో సగం పెళ్లిళ్లు అతని దెబ్బ మీదే నడిచాయి. రేపటికి మాత్రం తన బదులు ఇంకొకణ్ని చూసుకోమని బ్యాండు మాస్టరుకి చెప్పి ఉంచాడు. ఒక్క పూట ఎర్ర కోటు విప్పేసి, తెల్ల చొక్కా వేసుకుని, కూతురి పక్కన తండ్రిలా నడవాలని అతని ఆశ. ఇస్త్రీ చేసిన చొక్కా గోడకి వేలాడుతూనే ఉంది.

అన్న అసలు సంగతి మెల్లిగా బయటపెట్టాడు. పెళ్లికొడుకు తరఫు వాళ్లంతా పెద్ద పెద్ద ఉద్యోగస్థులట. పెళ్లి హాలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటారట. బ్యాండు పక్కకి తప్పుకోగానే వాళ్ల కంటపడేది ఈ వరసేనట. మొన్నెవరి పెళ్లిలోనో డ్రమ్ము మోసిన మనిషి అందులో కనపడితే ఎబ్బెట్టుగా ఉంటుందట.

“ఎర్ర కోటు వేసుకుంటే గొడవ లేదు. దాంట్లో ఉన్నవాడి మొహం ఎవరూ చూడరు,” అన్నాడు.

అది మాత్రం నిజమే. బ్యాండు మోత లేని పెళ్లి ఎవరికీ పెళ్లి కాదు. కొట్టేవాడి మొహంతో ఎవరికీ పని లేదు.

డ్రమ్మయ్య భార్య ఊరుకోలేదు. చేస్తున్న పని పక్కన పడేసి బావగారిని దులిపేసింది. కన్నవాడికి లేని చోటు హార్డువేరు కొట్టు ఉన్నవాడికి ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగింది. మీ పెద్దాడు మా పిల్ల మొహం చూసి ఎన్నేళ్లయిందో చెప్పమంది. తన పేరూ కొట్టెయ్యమంది. అన్న మొహం మాడ్చుకుని, అంతే అయితే మా ఇంటి నుంచి ఒక్కరం కూడా రామని లేచి నిలబడ్డాడు.

అప్పుడు పక్కగదిలోంచి పెళ్లికూతురు వచ్చింది. కంటి ఆస్పత్రిలో కళ్లద్దాల నంబర్లు చూసే ఉద్యోగం ఆమెది. ఎవరినీ గట్టిగా ఒక మాట అనే పిల్ల కాదు. పెదనాన్న చేతిలోని కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

“బాగానే ఉంది పెదనాన్నా. ఇలాగే కానివ్వండి.”

“మరి మీ నాన్న?” అంది తల్లి.

“నాన్న బ్యాండులోనే ఉండాలమ్మా. ఇంకెవర్నీ పెట్టొద్దని మాస్టరుగారికి నేనే చెప్పేస్తాను.”

పిల్లకున్న తెలివి పెద్దవాళ్లకి లేకపోయిందంటూ అన్న మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. డ్రమ్మయ్య కూతురి వైపు చూశాడు. ఆమె కాగితం మడతపెడుతోంది తప్ప తలెత్తలేదు. నన్ను చూసి సిగ్గుపడుతోంది కాబోలు, అనుకున్నాడు. పడనీ. రేపు పెళ్లి పెట్టుకుని ఇవాళ పిల్లని ఏడిపించి ఏం బావుకుంటాను?

“అంతేలేమ్మా. నీ పెళ్లిలో ఇంకెవడో డ్రమ్ము కొడితే నాకూ నచ్చదు,” అని చొక్కా తీసి పెట్టెలో పెట్టేశాడు.

అది అబద్ధమని అతని భార్యకి తెలుసు. ఆ తర్వాత ఆమె కూతురితో మాట్లాడలేదు. జడ వేసేటప్పుడు కూడా మాట్లాడలేదు.

మర్నాడు పదింటికి బ్యాండు ఇంటి ముందు బారు తీరింది. ముందు బాకాలు, వాటి వెనక చిన్న డ్రమ్ములు, ఆ వెనక పెద్ద డ్రమ్ము, అందరికంటే చివర ఇత్తడి తాళాలు. బ్యాండు తర్వాత ఏడుగురి మధ్య పెళ్లికూతురు. డ్రమ్మయ్య పెద్ద డ్రమ్ము మెడకి తగిలించుకుని చూస్తే తాళాలవాడు లేడు. ఏమయ్యాడని మాస్టరుని అడిగాడు. వస్తారులే, నువ్వు మొదలుపెట్టు అన్నాడాయన.

నడక మొదలయ్యాక డ్రమ్ము మనిషి వెనక్కి తిరక్కూడదు. కళ్లు మాస్టరు చేతి మీదే ఉండాలి. తిరిగితే దెబ్బ తప్పుతుంది, దెబ్బ తప్పితే బ్యాండంతా తడబడుతుంది. ఒకందుకు ఇదే నయం అనుకున్నాడు డ్రమ్మయ్య. తనకి లేని చోటు కళ్లారా చూసే బాధ తప్పింది.

మొదటి దెబ్బ పడింది. వీధి కదిలింది. నాలుగడుగులు వేశాడో లేదో వెనక అన్న గొంతు ఏదో అరిచింది. బాకాల మోతలో వినపడలేదు. ఇంతలో తాళాలు అందుకున్నాయి. మేడల మీద ఆడవాళ్లు ఇటే వేళ్లు చూపించుకుంటూ నవ్వుతున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. సొంత కూతురి పెళ్లికి డ్రమ్ము మోస్తున్న తండ్రిని చూసి నవ్వరూ మరి. అతని కళ్లు మసకబారాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

వెనక తాళాలు ప్రతి దెబ్బకీ కాస్త ఆలస్యంగా పడుతున్నాయి. డ్రమ్మయ్యకి ఒళ్లు మండిపోయింది. నా పిల్ల పెళ్లికే దొరికాడా ఈ చేతకానివాడు? తల తిప్పకుండానే పళ్లు బిగించి గదమాయించాడు.

“ఏంటా చెయ్యి? ఎవరు నేర్పారయ్యా నీకు?”

“మాస్టరుగారే. నెల రోజులే కదా నాన్నా అయింది, కొంచెం మెల్లిగా కొట్టు.”