ముప్పై రెండు చూపిన ముల్లు

థర్మామీటర్లు పరీక్షించి, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టడమే అతని ఉద్యోగం. ఇంట్లో కూతురి పెంపుడు బల్లి ఉండే గాజుపెట్టెకు మాత్రం చవకబారు ముల్లు మీటరొకటి అంటించాడు. బల్లి వెచ్చగా పడుకునే రాతి కింద హీటరు పెట్టి, దాని వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తీగ కొసనూ మీటరు పక్కనే గాజుకు అతికించి చేతులు దులుపుకున్నాడు.

"రాయి కాలిపోతోంది నాన్నా. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు."

"ముల్లు ముప్పై రెండు చూపిస్తోందిగా! నా పని నాకే నేర్పుతావా?"

ముల్లు చూపించింది గాజు వేడిని. రాతి వేడిని కాదు. బల్లి పొట్ట రాతికి అతుక్కుపోయి చచ్చింది. కూతురు హీటరు తీగను కత్తెరతో కోసేసి అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయింది. వారమైంది, తండ్రి ఫోను చేస్తే ఎత్తడం లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆఫీసు నుంచి తెచ్చిన మంచి థర్మామీటరును ఖాళీ పెట్టెలో రాతి మీద పెట్టాడు.

ఇరవై నాలుగు. గదిలో వేడీ అంతే. ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత ముప్పై. నలభై. యాభై రెండు. గాజు మీది ముల్లు కూడా మెల్లగా ముప్పై రెండుకెక్కి, ఎప్పటిలాగే అక్కడ ఆగింది.

ప్లగ్గు పీకేద్దామని వంగాడు. తెగిన తీగ నేల మీద చల్లగా పడి ఉంది.

రాతి కింద గోళ్లతో గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది.

థర్మామీటరు చెడిపోయిందేమో అనుకోబోయాడు. దానికి సంతకం పెట్టింది తనే.

"చూస్తున్నాలే, తల్లీ" అని గొణుగుతూ అరచెయ్యి రాతికి ఆనించాడు.

తీయబోతే రాలేదు.