ఖర్చు లేని పరుపు

"మేడం, నా బొంత నాకిచ్చేయండి" అంది తిరుమలమ్మ, తలుపు పూర్తిగా తెరుచుకోకముందే.

మూడో అంతస్తు భువనేశ్వరి వాచ్‌మన్ పెళ్లాన్ని ఎగాదిగా చూసింది. "ఏం బొంత?"

తిరుమలమ్మ మొగుడి సెల్‌ఫోన్‌ను ఆమె ముందుకు చాపింది. అందులో ఆడుతున్న వీడియోలో భువనేశ్వరి నవ్వుతూ చెబుతోంది, ఇంట్లో పనికిరాకుండా పడివుండే వస్తువులతో రూపాయి ఖర్చు లేకుండా కుక్కకు పరుపు చేసుకోవచ్చని. పాత కారు టైరు. దాని నడుమ గోనెసంచి. సంచి నిండా చిరిగిన దిండ్లలోని దూది. అన్నిటికీ పైన నాలుగు మడతలేసి కుక్కిన తిరుమలమ్మ బొంత.

"ఇదా? సెల్లార్ గోడమీద పడుంటే ఎవరో పారేశారనుకున్నాను."

"పారేసింది కాదు మేడం, ఆరేసింది. ఉతికి ఆరేసి, ఐరాల ఊరికి పొయ్యి మా పాపను పురిటికి పిల్సుకొచ్చే లోపల లేకుండా పాయ. మూడు దినాలుగా ఎతకతా ఉండాను."

"మెల్లగా మాట్లాడు. మా అమ్మాయి సుజన నిన్ననే ఆస్పత్రి నుంచి వచ్చింది, లోపల పడుకుంది. చిరుగుల బొంత కోసం ఇంత గొడవెందుకు? సాయంత్రం కొత్త దుప్పటి కొనిస్తాలే."

ఆ మాటతో తిరుమలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కొత్తది నాకెందుకు? నా బిడ్డకు నెలలు నిండినాయి. నేడో రేపో నొప్పులొస్తాయి. పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో ఎవురైనా పండబెడతారా? అవి మా యమ్మ కట్టి కట్టి మెత్తబడిన కోకలు. తొంబై ఏండ్లు బతికింది మా యమ్మ. ఆ ఆయుస్సు బిడ్డకు రావాలని నాలుగు నెలలు కూసోని కుట్టినా. మా యమ్మ పాయ. ఆ కోకలు ఇంక యాడనుంచి తెచ్చేది?"

భువనేశ్వరి పెదవి విరిచింది. "ఈ కాలంలో కూడా ఇవన్నీ పాటిస్తున్నారా? పాతగుడ్డల్లో ఎన్ని క్రిములుంటాయో తెలుసా?"

క్రిములట. తన తల్లి ఒంటిమీది కోకలో క్రిములట. తిరుమలమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఈ ఇంటి చెత్తబుట్ట రోజూ కిందికి మోసేది తను. ఏది చెత్తో ఏది కాదో తనకు ఒకరు చెప్పాలా. "పెద్దోళ్లతో మనకేల మే, ఉన్న ఉద్యోగం పోతాది" అని మొగుడు మునస్వామి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాడు. పోతే పోనీ అని విదిలించుకుని వచ్చింది.

"క్రిములో పురుగులో, నాది నాకిచ్చేయండి మేడం."

"బాల్కనీలో ఉంది, తీసుకుపో. రెండు వేలమంది మెచ్చుకున్న పరుపు అది. నీ మూలంగా పాడవుతోంది."

బాల్కనీలో కుక్క బ్రూనో టైరుకు తల ఆనించి గురకపెడుతోంది. దాని కింద గోనెసంచి ఉంది. బొంత లేదు.

భువనేశ్వరి టైరును కాలితో జరిపి చూసింది. గిరుక్కున తిరిగింది. "ఇదా నీ నాటకం? పొద్దున నువ్వు మెట్లు కడిగేటప్పుడు మా తలుపు తీసే ఉంది. అప్పుడే లోపలికొచ్చి తీసుకుపోయి, ఇప్పుడు నా మీదికే వచ్చావా?"

చేసిందంతా చేసి, పైగా దొంగ అని పేరు పెట్టడం. తిరుమలమ్మ ఇన్నేళ్లుగా ఈ ఇళ్లల్లో దించుకున్న తల ఎత్తింది.

"నా మనవడి పక్కగుడ్డ తీసి కుక్కకేసింది మీరు. దొంగ నేనా? రాండి కిందికి. నా గది ఎతకండి. ఆడ ఉండేది నాలుగు గిన్నెలు, ఒక సాప. దొరక్కపోతే అందరి ముందరా నాకు జవాబు సెప్పాల." ఆమె గొంతుకు ఎదురింటి తలుపు కూడా తెరుచుకుంది.

"అరవొద్దన్నానా" అని భువనేశ్వరి అరిచింది.

అప్పుడే లోపలి గది తలుపు తీసుకుని, నోటిమీద వేలు పెట్టుకుని, భువనేశ్వరి తల్లి రంగనాయకమ్మ బయటికి వచ్చింది. నిన్ననే కార్వేటినగరం నుంచి వచ్చిన ముసలమ్మ. ఆమె రెండో చేతిలో ఎర్ర అంచు, పచ్చ అంచు కలిపి కుట్టిన బొంత. బొంతలో పిడికిళ్లు బిగించి నిద్రపోతున్న పసిగుడ్డు.

"మెల్లగా అమ్మా, నా మునిమనవడికి ఇప్పుడే కునుకు పట్టింది" అంది ముసలమ్మ. "ఏం కొంప భువనా నీది, బిడ్డ కింద పరిచేదానికి మెత్తటి పాతకోక ఒక్కటీ లేదే. అన్నీ గరగరలాడే కొత్తవే. నిన్న రాంగానే ఆ కుక్క కిందుండేదాన్ని పెరికి, ఉడుకునీళ్లలో ఉతికి ఎండకేసి తెచ్చుకున్నా. ఏ తల్లి కుట్టిందో గానీ, ఆమె కడుపు సల్లగుండ."