చేతికివ్వని ఉప్పు

కోచింగ్ సెంటర్ మెట్టు మీద చిన్న కాగితం పొట్లం. అందులో రెండు చెంచాల ఉప్పు.

విక్రమ్ చొక్కా జేబులోంచి తీసి అక్కడ పెట్టాడు. రవళి దాన్ని తీసుకుని మజ్జిగ సీసాలో కలుపుకుంది.

ఆరు నెలలుగా ఇదే వరస.

ఆ ఏడు అమీర్‌పేటంతా జావా నేర్చుకుంటోంది. మొదటిరోజు క్లాసులో చోటు లేక రవళి గోడవార నిలబడింది. పావుగంటకి గుండె దడదడలాడి, కళ్లు బైర్లు కమ్మి పడిపోయింది. లేపి తన కుర్చీ ఇచ్చింది బోరబండ విక్రమే. మర్నాటి నుంచి పక్క కుర్చీలో ఆమె కోసం రుమాలు వేసి ఉంచేవాడు.

పంజాగుట్ట డాక్టరు ఆమెని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి చూశాడు. పడుకుంటే డెబ్బై. లేస్తే నూట ముప్పై.

"నిలబడితే రక్తం కాళ్లలోకి దిగిపోతోందమ్మా. నరాలు కంగారుపడి గుండెని పరిగెత్తిస్తున్నాయి. నీళ్లు బాగా తాగు. ఉప్పు ఎక్కువ తిను."

ఊరందరినీ ఉప్పు మానెయ్యమనే డాక్టరు తనని తినమన్నాడని చెబితే విక్రమ్ పడీ పడీ నవ్వాడు. మర్నాడే పొట్లం తెచ్చాడు. ఆమె చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు.

"ఉప్పు చేతికియ్యొద్దు. కొట్లాటైతదంటది మా అవ్వ."

తణుకులో రవళి వాళ్లమ్మదీ అదే మాట.

"ఇయ్యాల ఎంతసేపు నిలవడ్డవ్?" అని రోజూ అడిగేవాడు.

"నాలుగు నిమిషాలు." తర్వాత ఆరు. తర్వాత తొమ్మిది.

ఉప్పు తనే తెచ్చుకోవచ్చు. హాస్టల్ వంటింట్లో బోలెడుంది. తెచ్చుకోలేదు.

ఒక్కసారి మరిచిపోయైనా చేతిలో పెడితే బాగుండునని ఆశ.

అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది.

అతను బయల్దేరే సాయంత్రం రవళి ట్రావెల్స్ బస్సు దగ్గరికి వెళ్లింది. దుకాణం అరుగు చూపించి కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"జర మంచిగ తిను. మజ్జిగ మర్వకు," అంటూ చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు.

రవళి చెయ్యి చాపింది.

"ఈ ఒక్కసారికి చేతిలో పెట్టు."

"కొట్లాటైతది, రవళీ."

"అయితే అవనీ."

అతను ఆ అరచేతి వంక చూశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"నీతోని కొట్లాట నాకొద్దు."

పొట్లం అరుగు మీద పెట్టి బస్సెక్కేశాడు.

పిచ్చివాడు. కొట్లాటైతే, కొట్లాడ్డానికైనా ఫోన్ చేసేవాడు కదా!

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది. కాళ్లు వణికాయి. చెవుల్లో గుండె కొట్టుకుంది. ఎంతసేపు నిలబడిందో చూసుకోలేదు.

ఆ తర్వాత అరుగు మీద కూలబడి, పొట్లం చేతిలోకి తీసుకుంది.

ఇంకా వెచ్చగానే ఉంది.