ఎల్కానా మౌన ప్రార్థన

కిటికీలోంచి జోహారా పిన్ని కనబడగానే ఎల్కానా గోడవైపు తిరిగి, పాదాలు జోడించి, కళ్ళు మూసుకున్నాడు. మౌన ప్రార్థనలో ఉన్నవాణ్ణి జెరూసలేంలో ఎవరూ కదిలించరు.

పైన నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే ఆవిడ, శుక్రవారం బజారునుంచి బరువులతో వచ్చి, కింద ప్రార్థనామందిరంలో ఎవరు దొరికితే వాళ్ళచేత మోయిస్తుంది. ఇవాళ మిగిలింది అతనొక్కడే. శత్రువు గాడిద బరువుకింద కూలబడినా చూసి తప్పుకుపోకూడదన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని గంటసేపు పదిమందికి బోధించి, వాళ్ళను అప్పుడే సాగనంపాడు. గొంతు కూడా బొంగురుపోయింది.

'దేవా, ఈవిణ్ణి పంపించెయ్యి' అని మనసులో అడుగుతూ నిలబడ్డాడు.

చాలాసేపటికి కళ్ళు తెరిస్తే ఆమె బల్లమీద కూర్చుని ఉంది.

"అయిందా నాయనా? ఇంతసేపు ఎప్పుడూ నిలబడవే. ఇంట్లో అంతా బాగేనా?"

"బాగే పిన్నీ."

"దాచకు. నాకు చదువు రాదు కదా, 'ఆ అబ్బాయి ఏమడుగుతున్నాడో అది ఇచ్చెయ్యి దేవుడా' అని నేనూ అడిగాను." మోకాళ్ళు పట్టుకుని లేచింది. "సంచులు నేనే మెల్లిగా మోసుకుంటాలే. నీ కష్టంలో నువ్వున్నావు."

ప్రార్థన నిజంగానే ఫలించేలా ఉంది. ఎల్కానాకు చెవులు వేడెక్కాయి. గబగబా రెండు సంచులూ అందుకున్నాడు.

"నువ్వు వెళ్ళిపోవాలని అడిగాను పిన్నీ. ఇవి మొయ్యకుండా తప్పించుకుందామని."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"అంతసేపూ అదేనా?"

"అంతసేపూ అదే."

"ఆ సేపట్లో రెండుసార్లు ఎక్కి దిగేవాడివి," అంటూ గుమ్మం పక్కనున్న పుచ్చకాయ కూడా అతని చంకలో పెట్టింది.